విషం, కాటు, వడదెబ్బ: ఆసుపత్రికి చేరేలోపు

మీ ప్రశ్న – మా జవాబు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు ఈమధ్య రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రథమ చికిత్స గురించే. వాటిలో పదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం. ఏ ప్రమాదంలోనైనా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఉన్నచోటే చేయాల్సిన పని ఏమిటి, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వదలాల్సింది ఏమిటి? ఈ రెండూ తారుమారైనచోటే ఎక్కువ నష్టం జరుగుతోందని ఈ ఉత్తరాలే చెబుతున్నాయి.

ప్రశ్న: ఉపాధి పనికి వెళ్ళిన మా తోడికోడలు పదకొండు గంటలవేళ చెరువు గట్టు మీద పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది, ఏదేదో మాట్లాడుతోంది. చెమటలు కారుతున్నాయి కాబట్టి వడదెబ్బ కాదులే అనుకున్నాం. నీడలో పడుకోబెట్టి, నోట్లో నీళ్ళు పోసి, ఆటో కోసం ముప్పావు గంట చూశాం. ప్రాణం దక్కింది గానీ మనిషి ఇంకా కోలుకోలేదు. మేం చేసిన పొరపాటేమిటి?
– ఒక పాఠకురాలు, రణస్థలం మండలం

జవాబు: అమ్మా, ఆటో కోసం చూసిన ఆ ముప్పావు గంటే అసలు వైద్యం జరగాల్సిన సమయం. వడదెబ్బకు మందు చల్లదనం. అది ఆసుపత్రిలో కన్నా చెరువు గట్టు మీదే ముందు దొరుకుతుంది. పాము కాటుకు ముందు బండి ఎక్కించాలి. వడదెబ్బకు మాత్రం ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే బండి.

చెమట పట్టడం లేదంటేనే వడదెబ్బ అన్న మాట చాలామందిని మోసం చేస్తోంది. ఎండలో కదలకుండా ఉన్న ముసలివాళ్ళకు ఒళ్ళు పొడిబారుతుంది నిజమే. పలుగూ పారా పట్టి పనిచేస్తూ పడిపోయినవాళ్ళకు ఒళ్ళంతా తడిగానే ఉండొచ్చు. చూడాల్సింది మెదడు తీరును. మాట తడబడుతోందా, ఎక్కడున్నారో చెప్పలేకపోతున్నారా, తూలుతున్నారా, ఫిట్స్ వచ్చాయా? ఒళ్ళు కాలుతూ ఇందులో ఏ ఒక్కటి కనబడినా వడదెబ్బే అనుకోండి. అప్పటికి ఒంటి వేడి సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి ఉంటుంది. అరగంటలోపు దాన్ని 39కి దించగలిగితే మెదడు, కాలేయం, కిడ్నీలు చాలావరకు దక్కుతాయి.

దించడం ఎలా? నలుగురుంటే చాలు. నీడలోకి చేర్చండి. పైబట్టలు వదులు చేయండి, వీలైతే తీసేయండి. టార్పాలిన్ బరకం ఉంటే మనిషిని దాని మీద పడుకోబెట్టి, నాలుగు పక్కలా అంచులు ఎత్తి పట్టుకుని తొట్టిలా చేయండి. తల బయటికి, పైకి ఉండాలి. అందులో మెడ కింది దాకా నీళ్ళు పోసి, చేతులతో కలియబెడుతూ ఉండండి. ఐసు దొరికితే వేయండి. దొరక్కపోతే బోరు నీళ్ళు, చెరువు నీళ్ళు చాలు. బరకం లేకపోతే బిందెలకొద్దీ ఒళ్ళంతా పోస్తూ, తువ్వాలుతోనో అట్టముక్కతోనో ఆగకుండా విసరండి. తడీ గాలీ రెండూ ఉండాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే కాసేపటికి ఆ గుడ్డే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చాక కూడా దారి పొడవునా తడుపుతూనే ఉండాలి. మనిషి తేరుకుని మాట సరిగ్గా వచ్చినా, వణుకు మొదలైనా నీళ్ళు పోయడం ఆపవచ్చు.

స్పృహ సరిగ్గా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఇవ్వకండి. అది జ్వరం వేడిని తగ్గిస్తుందే గానీ ఎండ వేడిని కాదు, పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద భారం. అరికాళ్ళకు ఉల్లిపాయ రసం రాయడం వల్ల హాని లేదు. కానీ ఉల్లిపాయ కోసి, దంచేపాటి సమయంలో నాలుగు బిందెలు పోయొచ్చు.

తీరప్రాంతంలో ఇంకో చిక్కుంది. మన దగ్గర 37 డిగ్రీలంటే రాయలసీమలో 42 కన్నా తేలికేమీ కాదు. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే ఉక్కపోత రోజుల్లో పని పొద్దున్నే మొదలుపెట్టి, పదిన్నరకల్లా ముగించుకోవడం మేలు. కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం, వాంతి వచ్చినట్టుండడం తొలి హెచ్చరికలు. మనిషి తెలివిగా ఉంటే అప్పుడు తాగించాలి. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరు నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు వేసిన చోడి అంబలి, తరవాణి కూడా మంచివే.

ప్రశ్న: ఊడ్పుల్లో మా నాన్నగారి కాలి మీద పాము కరిచింది. అక్కడే తాడుతో మోకాలి కింద గట్టిగా కట్టి, బ్లేడుతో గాటు పెట్టారు. ఊళ్ళో పసరు పోయించి తీసుకెళ్ళేసరికి మూడు గంటలైంది. ఇప్పుడు పాదం కుళ్ళి రెండు వేళ్ళు తీసేశారు. విషం వల్లా, కట్టు వల్లా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: రెండింటి వల్లా అయ్యుండొచ్చు. ఒకదాన్ని మాత్రం తప్పించగలిగేవాళ్ళం. వరిమళ్ళలో ఎక్కువగా తగిలేది రక్తపింజరి. దాని విషం కరిచినచోట కండను పాడుచేస్తుంది, రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తాడు బిగిస్తే ఆ విషమంతా ఒకేచోట నిలిచి, మంచి రక్తం అందక కండ త్వరగా చచ్చిపోతుంది. గాటు పెడితే గడ్డకట్టని రక్తం ఆగదు. నోటితో పీల్చడం వల్ల విషం బయటికి రాదు. అది కండలోకి, లింఫ్ దారుల్లోకి అప్పటికే దిగిపోయి ఉంటుంది.

చేయాల్సింది చాలా తక్కువ. మనిషిని కూర్చోబెట్టండి, వీలైతే పడుకోబెట్టండి. ఒక్క అడుగు కూడా నడిపించకండి. కండ కదిలినకొద్దీ విషం పైకి పాకుతుంది. మెట్టెలు, కడియం, ఉంగరాలు, గాజులు, మొలతాడు వెంటనే తీసేయండి. వాపెక్కాక అవే ఉరితాళ్ళవుతాయి. విరిగిన కాలికి కట్టినట్టు వెదురు బద్దలో కర్రలో రెండు పక్కలా పెట్టి, కింది కీలూ పై కీలూ కదలకుండా గుడ్డతో కట్టండి. కట్టు కింద వేలు సులువుగా దూరాలి. ఇది విషాన్ని ఆపే కట్టు కాదు, కాలు కదలకుండా ఆపే కట్టు. 108 రావడం ఆలస్యమైతే బైకు మీదైనా బయల్దేరండి, ముందొకరు వెనకొకరు కూర్చుని రోగిని మధ్యలో పట్టుకోవాలి. పొలంగట్టు నుంచి రోడ్డు దాకా మంచం మీదనో, దుప్పటి ఊయలలోనో మోసుకెళ్ళండి.

అప్పటికే ఎవరైనా తాడు బిగించి ఉంటే దారిలో గభాలున విప్పకండి. ఆగిన విషం ఒక్కసారిగా గుండెకీ, ఊపిరికీ చేరుతుంది. ఆసుపత్రిలో విరుగుడు మందు సిద్ధంగా ఉంచుకుని డాక్టరే విప్పాలి. దారిలో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి నొప్పికి సూది వేయించకండి. గడ్డకట్టని రక్తానికి కండలోకి గుచ్చే ప్రతి సూదీ ఒక కొత్త గాయమే. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఒక పెన్నుతో కాలి మీద వాపు ఎక్కడిదాకా ఉందో గీత గీసి, పక్కన సమయం రాయండి. పావుగంటకోసారి మళ్ళీ గీయండి. ఆ గీతలు చూస్తే విషం ఎంత వేగంగా పాకుతోందో డాక్టరుకు ఒక్క చూపులో తెలుస్తుంది.

మంత్రంతో, పసరుతో బతికినవాళ్ళున్నారు కదా అని మీకు చాలామంది చెబుతారు. ఉన్నారు. నీరుకట్టు, జెర్రిపోతు లాంటి విషం లేని పాములు కరిచినవాళ్ళు వాళ్ళు. త్రాచు కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కాటు వేస్తుంది. పసరు పోయకపోయినా వాళ్ళు బతికేవాళ్ళే. విషం దిగినవాళ్ళకు పోయేది ఆ రెండు మూడు గంటలు.

పామును చంపి పట్టుకెళ్ళాల్సిన పనిలేదు. మన దగ్గర దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారైనది. పామును వెతికేవాళ్ళకు మళ్ళీ కాటు పడుతుంది. తెగిన తల కూడా కాసేపు కరవగలదు.

కట్లపాము సంగతి వేరు, విడిగా చెప్పాలి. అది రాత్రిపూట, నేలమీద చాపేసుకుని పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు రాదు, పంటిగాట్లు కూడా చాలాసార్లు కనబడవు. తెల్లారగట్ల కడుపునొప్పి, వాంతులతో లేస్తారు. అజీర్తి అనుకుని సోడా తాగిస్తారు. తర్వాత రెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి ఆగుతుంది. వానాకాలంలో నేలమీద పడుకున్న మనిషి పొద్దున్నే కడుపునొప్పితో లేచి, నిద్ర తీరనట్టు రెప్పలు ఎత్తలేకపోతుంటే అది పాము కాటేమోనని అనుమానించండి. అప్పటికి ఆ మనిషి కదలలేకపోయినా అన్నీ వినబడుతూనే ఉంటాయి, పక్కన ఏడవకండి. ఊపిరి ఆగితే నోటితో నోట్లోకి గాలి ఊదుతూ ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాలి. వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉండి పూర్తిగా కోలుకున్నవాళ్ళున్నారు. దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికో చాప కిందికో దోపితే ఈ కాటు చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: మా తమ్ముణ్ణి పాము కరిచిన అరగంటలోనే ఒక ఆసుపత్రికి చేర్చాం. వాళ్ళు విరుగుడు ఇంజెక్షన్ వేయకుండా గాజు గొట్టంలో రక్తం తీసి పక్కన పెట్టారు. ఇరవై నిమిషాలు అలా చూస్తూ కూర్చోవడం నిర్లక్ష్యం కాదా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: కాదు. ఆ గొట్టమే అక్కడి ముఖ్యమైన పరీక్ష. సుమారు రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత ఒక్కసారి వంచుతారు. గడ్డ కడితే జావలా నిలుస్తుంది. నీళ్ళలా జారితే రక్తం మీద విషం పనిచేస్తోందని అర్థం, వెంటనే మందు మొదలుపెడతారు. గొట్టం ప్లాస్టిక్‌దైతే, సబ్బుతో కడిగినదైతే రక్తం మామూలుగా గడ్డ కట్టదు, లేని విషం ఉన్నట్టు కనబడుతుంది. మొదటిసారి గడ్డ కట్టినా పంపించేయరు. మూడు గంటలపాటు గంటకోసారి, ఆ తర్వాత ఆరు గంటలకోసారి, మొత్తం 24 గంటలు చూస్తారు.

విషం జాడ లేకుండా మందు వేయకపోవడానికి కారణం ఉంది. అది గుర్రం రక్తం నుంచి తీసేది. కొందరికి దద్దుర్లు, చలివణుకు, బీపీ పడిపోవడం లాంటి తీవ్రమైన ప్రతిచర్య వస్తుంది. వచ్చినా సరిచేయగలరు, కానీ అక్కర్లేనివాళ్ళకు ఆ గండం ఎందుకు? మరి రెప్పలు వాలుతుంటే, వాపు గబగబా పాకుతుంటే, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే గొట్టం కోసం ఆగకూడదు. అప్పుడు మీరు గట్టిగా అడగొచ్చు, అడగాలి. మొదటి విడత సాధారణంగా 8 నుంచి 10 వయల్స్, సెలైన్‌లో కలిపి దాదాపు గంటలో ఎక్కిస్తారు. చిన్నపిల్లలకు కూడా అంతే మోతాదు. పాము పిల్లాణ్ణి చూసి విషం తగ్గించి వదలదు కదా.

ప్రశ్న: మా గుంటడికి ఆరేళ్ళు. కట్టెల మోపు తీస్తుంటే ఎర్ర తేలు కుట్టింది. నొప్పి తగ్గిందని ఊరుకున్నాం. రెండు గంటలకు ఒళ్ళంతా చెమటలు, వాంతులు. తేలు కుడితే ఇంత అవుతుందా?
– ఒక తల్లి, శృంగవరపుకోట

జవాబు: అవుతుంది, అదీ పిల్లలకే. అడవిలో కనబడే పెద్ద నల్లతేలు భయపెడుతుంది గానీ మంట పెట్టి వదిలేస్తుంది. చిన్నగా ఎర్రగా ఉండేది గుండె మీద పనిచేస్తుంది. నొప్పి తగ్గడాన్ని బట్టి నిశ్చింత పడకూడదు. నొప్పి అంతగా లేని పిల్లల్లోనే ఒక్కోసారి విషం లోపల ఎక్కువగా పనిచేస్తుంది. ధారగా చెమట, వాంతి, నోట్లో చొంగ, చల్లబడిన చేతులూ కాళ్ళూ, మగపిల్లల్లో అంగం గట్టిపడటం తొలి గుర్తులు. ఆ తర్వాత గుండె దడ, ఆయాసం, నురగతో దగ్గు. అది ఊపిరితిత్తుల్లో నీరు చేరిన దశ.

ప్రాజోసిన్ అనే బీపీ మాత్ర దీనికి గొప్పగా పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. కిలో బరువుకు 30 మైక్రోగ్రాముల చొప్పున, చేతులూ కాళ్ళూ వెచ్చబడేదాకా మూడేసి గంటలకు ఇస్తారు. ఇది ఆసుపత్రిలో ఇవ్వాల్సిందే. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి బిడ్డను ఎత్తుకోకుండా పడుకోబెట్టి ఉంచాలి. ఇంటి దగ్గర చేయాల్సింది కుట్టినచోట గుడ్డలో చుట్టిన ఐసు పెట్టడం, పారాసెటమాల్ ఇవ్వడం, బయల్దేరడం. పదేళ్ళలోపు బిడ్డయితే గుర్తుల కోసం ఎదురుచూడకుండా తీసుకెళ్ళండి.

ప్రశ్న: కొబ్బరికాయలు దింపుతుంటే పెద్ద తేనెటీగలు లేచి మా బావకు ఒళ్ళంతా కుట్టాయి. ఆర్‌ఎంపీ నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేశాడు. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బు భయం ఉంది. ఇది సరైనదేనా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: మీ భయం సమంజసమే. పదులకొద్దీ ఈగలు కుట్టినప్పుడు విషానికి కండరాలు చితికి, ఆ పదార్థం కిడ్నీల్లో అడ్డుపడుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీకి రక్తం అందే దారిని ఇంకా తగ్గిస్తాయి. కిడ్నీ జబ్బు ఇంత ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఎండలో పనిచేసి నీళ్ళు తక్కువ తాగిన మనిషికి ఈ సూదులు వేయకపోవడమే మంచిది. నొప్పికి పారాసెటమాల్ చాలు. మీ బావగారి మూత్రం రంగు రెండు మూడు రోజులు గమనించండి. టీ డికాషన్‌లా వచ్చినా, తగ్గిపోయినా అదే రోజు పెద్ద ఆసుపత్రిలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.

కుట్టిన వెంటనే చేయాల్సింది ఇది. ముఖం కప్పుకుని ఇంట్లోకో, తలుపులు మూసే బండిలోకో పరుగెత్తాలి. చేతులతో కొట్టకూడదు, నలిగిన ఈగ వాసనకు మిగతావి వస్తాయి. చెరువులో దూకితే తల పైకెత్తేదాకా కాచుకుని ఉంటాయి. తేనెటీగ ముల్లు విషసంచితో సహా చర్మంలోనే ఉండి, తెగిన తర్వాత కూడా విషాన్ని పంపు చేస్తూనే ఉంటుంది. గోటితో గీకినా, వేళ్ళతో లాగినా ఫర్వాలేదు. ఎలా తీశారన్నది కాదు, ఎంత త్వరగా తీశారన్నదే లెక్క. కందిరీగ అయితే ముల్లు వదలదు, వెతకక్కర్లేదు.

ఒక్క ఈగ కుట్టినా పెదవులు వాచడం, గొంతు బొంగురుపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు చీకట్లు కమ్మడం జరిగితే అది ఎలర్జీ ఉప్పెన. నిమిషాల్లో ప్రాణం పోతుంది. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. ఆయాసం ఉంటే కూర్చోనివ్వండి, నిలబెట్టి నడిపించకండి. దీనికి మందు అడ్రినలిన్. పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము, తొడ పక్కభాగంలో కండలోకి. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉండే మందు ఇది. సిట్రిజిన్ మాత్ర దురదకు సరిపోతుంది గానీ ఈ దశలో ప్రాణం నిలబెట్టదు.

ప్రశ్న: వరికి మందు కొడుతూ మా అన్నయ్య సొమ్మసిల్లాడు. చొంగ కారుతోంది. ఊళ్ళోవాళ్ళు ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించమన్నారు. పురుగుమందు కడుపులోకి పోకపోయినా ఇలా అవుతుందా? ఎవరైనా తాగేస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: చర్మం నుంచే ఎక్కుతుంది. తడిసిన చొక్కా అంటే ఒంటికి చుట్టుకున్న మందు డబ్బానే. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందులు ఎక్కితే కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది, చొంగ, చెమట, విరేచనం ఆగవు, ఛాతీలో గరగరమంటుంది. వెంటనే గాలి వచ్చే చోటికి తెచ్చి, బట్టలన్నీ తీసేసి ప్లాస్టిక్ సంచిలో కట్టండి. సబ్బుతో, ధారగా పారే నీటితో పావుగంట కడగండి. జుట్టు, గోళ్ళ కిందలు, చెవుల వెనక, గజ్జలు మరచిపోవద్దు. కడిగేవాళ్ళు చేతులకు పాలిథిన్ కవర్లయినా తొడుక్కోవాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని పావుగంటకు తగ్గకుండా నీళ్ళు పోయాలి.

మింగినప్పుడు వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు, చింతపండు రసం, పాలు, పచ్చిగుడ్డు ఏవీ వద్దు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వచ్చి చనిపోయినవాళ్ళున్నారు, విషం వల్ల కాదు, ఉప్పు వల్ల. మత్తులో ఉన్న మనిషి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిరోసిన్ తాగిన పిల్లాడి విషయంలో ఇది మరీ ప్రమాదం. కడుపులో ఉన్న కిరోసిన్ కన్నా వాంతితో ఊపిరితిత్తుల్లోకి దిగే చెంచాడు కిరోసినే ఎక్కువ నష్టం చేస్తుంది. ఎడమ పక్కకు తిప్పి, నోరు కిందికి వంచి పడుకోబెట్టండి. నోట్లో ఉన్నది వేలికి గుడ్డ చుట్టి తుడిచేయండి. బయల్దేరండి.

డబ్బాను, పోతే లేబుల్‌నైనా వెంట తీసుకెళ్ళండి. కంపెనీ పేరు కన్నా కింద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరే డాక్టరుకు కావాలి. లేబుల్ మీది త్రికోణం ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగితే ఏమీ కాదని కాదు. ఎయిమ్స్ ఢిల్లీలోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో పగలూ రాత్రీ సలహా ఇస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఆర్గానోఫాస్ఫేట్ రోగి తేరుకున్నట్టు కనిపించాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ ఎత్తలేక, ఊపిరి అందక మళ్ళీ పడిపోవచ్చు. ఒంటిగా దిండు మీంచి తల ఎత్తగలుగుతున్నారా అని రోజూ చూడండి. బాగున్నాడు కదా అని ముందే డిశ్చార్జి చేయించుకుని రాకండి. ఇక కొన్ని కలుపు మందులు, పేస్టులా ఉండే ఎలుకల మందు మొదటి రోజు ఏమీ చేయనట్టే ఉంటాయి. ఏమీ కాలేదన్న మాట నమ్మి ఇంట్లో ఉంచకండి. మనస్తాపంతో తాగినవాళ్ళను తిట్టవద్దు, నిలదీయవద్దు. ఒంటరిగా వదలవద్దు. మనసు బాగోలేనివాళ్ళు ఎవరైనా టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: జీడిపిక్కలు కొట్టే పనిలో చేతుల మీద జీడి నూనె పడి బొబ్బలెక్కుతున్నాయి. నీళ్ళతో కడిగినా పోదు.
– ఒక కార్మికురాలు, పలాస

జవాబు: నూనె కాబట్టి నీటికి లొంగదు, రుద్దేకొద్దీ పరుచుకుంటుంది. ముందు పొడిగుడ్డతో అద్ది తీయండి, రుద్దకండి. తర్వాత కొబ్బరినూనె రాసి మళ్ళీ తుడవండి, జీడి నూనె అందులో కరిగి వదులుతుంది. చివరికి సబ్బూ నీళ్ళూ. బొబ్బలు చిదమకండి, పైపొర పోతే చీము పడుతుంది. కంట్లో చిందితే నూనె వేయకూడదు, ఇరవై నిమిషాలు నీళ్ళ ధారే. పని మొదలుపెట్టే ముందు చేతులకు నూనె పట్టించడం కొంత కాపాడుతుంది గానీ, చిల్లు పడని గ్లౌజులే అసలు రక్ష. వాటిని అడిగి తీసుకోండి. అదే చేత్తో కళ్ళు తుడుచుకోవడం, పసిబిడ్డను ఎత్తుకోవడం చేయకండి.

ప్రశ్న: కుక్క పన్ను గీరుకుంది, రక్తం కొంచెమే వచ్చింది. కారం అద్దాం. కుక్కను పది రోజులు చూసి ఇంజెక్షన్ వేయించుకోవచ్చంటున్నారు.
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: ఆగొద్దు, ఈరోజే మొదలుపెట్టండి. ఇక్కడ ఉన్నచోట చేయాల్సిన పని కడగడం. సబ్బు రాసి, కుళాయి కింద గడియారం చూసి పదిహేను నిమిషాలు కడగాలి. రేబిస్ క్రిమి సబ్బుకు చచ్చిపోతుంది. రెండు నిమిషాలు కడిగి పదిహేను అనుకోవడం మామూలు పొరపాటు. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయండి. కారం, సున్నం, కాఫీపొడి గాయాన్ని రేపి క్రిమిని నరాల దాకా తోస్తాయి. రక్తం చిందిన గాయం ఎంత చిన్నదైనా, డాక్టర్ల లెక్కలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మూడో తరగతి కిందికి వస్తుంది. దానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. టీకా పని మొదలుపెట్టడానికి వారం పైనే పడుతుంది, ఈలోపు కాపలా కాసేది ఇదే. మొదటి టీకా తర్వాత ఏడు రోజులు దాటితే దీన్ని ఇవ్వరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు చేతులకూ. పిల్లి, కోతి, నక్క, ముంగిస కరిచినా ఇంతే. తోటల్లో ఎలుగుబంటి దాడి చేసినా కడగడం, టీకా మరువద్దు.

ప్రశ్న: వలలోంచి తీస్తుంటే టేకు చేప తోక ముల్లు పాదంలో దిగింది. ఐసు పెడితే నొప్పి పెరిగింది.
– ఒక మత్స్యకారుడు, భావనపాడు

జవాబు: దీనికి వేడి కావాలి. ఆ విషం వేడికి విరిగిపోతుంది. మీరు ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, సుమారు 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర పాదం ముంచి ఉంచండి. వేడిని మంచి కాలితో చూసుకోండి, నొప్పెట్టే కాలికి కాలుతున్న సంగతి తెలియదు. జెల్ల ముల్లు గుచ్చినా ఇదే. ముల్లు ముక్క లోపల విరిగి ఉంటుంది కాబట్టి ఆసుపత్రిలో తీయించి టీటీ వేయించుకోండి. ఛాతీలోనో పొట్టలోనో దిగితే మాత్రం ముల్లును లాగకండి, అలాగే తీసుకెళ్ళాలి. వలలో సముద్రపు పాము కరిస్తే నొప్పి ఉండదు, కొన్ని గంటల్లో ఒళ్ళంతా కండరాల నొప్పి, నల్లటి మూత్రం. మన దగ్గరి పాము విరుగుడు దానికి పనిచేయదు. వెంటిలేటర్, డయాలసిస్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి.

ప్రశ్న: చలికాలంలో కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకుంటే పొద్దున్న అందరికీ తలనొప్పి. చలి వల్లేనా?
– ఒక పాఠకురాలు, మెంటాడ

జవాబు: ఒకరికి వస్తే చలి అనుకోవచ్చు. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చాయంటే అది కుంపటి నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని వాయువు. పొగ లేని నిప్పులయినా దాన్ని వదులుతాయి. తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి రావాలి. ఎవరైనా లేవకపోతే ఊపిరి బిగపట్టి లోపలికి వెళ్ళి, ఈడ్చుకునైనా బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయాలి, వాళ్ళకు ఆక్సిజన్ కావాలి. గర్భిణులు ఉంటే తలనొప్పి తగ్గినా తీసుకెళ్ళండి. ఇకమీదట కుంపటిని నిద్రపోయే ముందు గడప బయట పెట్టేయండి.